పెద్దనాన్నకు ఆఫ్ దొరికిన రోజు

పెద్దనాన్న సంవత్సరీకం ముగిసిన మర్నాడు, వచ్చిన బంధువులందరూ వెళ్లిపోయాక, పెద్దమ్మ చిలకలగూడ ఇంట్లో అటక మీద ఉన్న రేకు పెట్టెను దింపమన్నది. అందులో ఉన్నవాటిలో ఎవరికి ఏది కావాలంటే అది తీసుకుపోవచ్చునని ఆమె ఉద్దేశం. మూత తీయగానే కలరా ఉండల ఘాటు ముక్కుకు తగిలింది, దాని వెనకాలే మరో వాసన వచ్చింది. పాత తోలు, చెమట, చిల్లర నాణేలు ఏళ్ల తరబడి ఒకచోట మగ్గితే వచ్చే వాసన అది. పెద్దనాన్న ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసిన రోజుల్లో భుజానికి తగిలించుకున్న క్యాష్ బ్యాగు, మడతపెట్టిన రెండు ఖాకీ చొక్కాల కింద, పెట్టె అడుగున ఉంది. దాన్ని తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకు యాభై ఏళ్లు దాటాయి. అయినా ఆ క్షణంలో నిక్కరు వేసుకుని ఏడో నంబరు డబుల్ డెక్కర్ మెట్లను రెండేసి చొప్పున ఎక్కుతున్నట్టే అనిపించింది.

సంచి లోపలి కుట్టును వేలితో తిరగేస్తే, కందిగింజలో సగం కూడా లేని గుండ్రటి కాగితం ముక్కలు కొన్ని అరచేతిలో రాలాయి. కొన్ని గులాబి రంగువి, కొన్ని ఆకుపచ్చవి, మిగిలినవి వెలిసిపోయి ఏ రంగో తెలియనివి. అవేమిటో ఈ కాలపు పిల్లలకు విడమరచి చెప్పవలసిందే. అప్పట్లో బస్సు టికెట్టు మిషన్లోంచి వచ్చేది కాదు. ఒక్కొక్క ధరకు ఒక్కొక్క రంగు చొప్పున టికెట్ల కట్టలు కండక్టరు చేతిలోని ట్రేలో వరుసగా ఉండేవి. ఆయన ఒకటి చింపి, పంచింగుతో టక్కున చిల్లు పొడిచి చేతికిచ్చేవాడు. అలా రాలిన ముక్కల్లో కొన్ని కింద పోయేవి, కొన్ని సంచిలో పడేవి. పెద్దనాన్న డిపోలో డబ్బు కట్టి ఇంటికి వచ్చేసరికి సంచిలో మిగిలేది ఆ రంగుల నలుసులే. అరుగు మీద పాత పేపరు పరచి సంచి బోర్లిస్తే, మా అక్కలు వాటిని ఏరి అగ్గిపెట్టెలో దాచుకునేవారు. మా ఇంట్లో జరిగిన బొమ్మల పెళ్లిళ్లన్నింటికీ అవే అక్షింతలు.

ఇంట్లో మేము ఏడుగురు పిల్లలం ఉండేవాళ్లం. పెద్దనాన్న పిల్లలు ముగ్గురు, మేము ముగ్గురం, ఎండాకాలానికీ సంక్రాంతికీ సెలవులు రాగానే సిద్దిపేట నుంచి వచ్చి బడి తెరిచే ముందురోజు దాకా కదలని మేనత్త కొడుకు ఒకడు. మా నాన్న జనరల్ బజారులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. పండుగలప్పుడే ఆయనకు పని ఎక్కువ. సెలవు అనేది ఆయనకు జ్వరం వస్తే తప్ప దొరికేది కాదు. అందువల్ల పిల్లలను బయట తిప్పే భారం పెద్దనాన్న మీద పడింది. నిజానికి ఎవరూ ఆయన మీద వేయలేదు, ఆయనే ఎత్తుకున్నారు. వారానికి ఆరు రోజులు సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు, అఫ్జల్‌గంజ్ నుంచి సికింద్రాబాద్‌కు బస్సులో నిలబడి తిరిగే మనిషి, ఏడో రోజు మమ్మల్ని వెంటేసుకుని మళ్లీ అదే బస్సు ఎక్కేవారు. ఆ రోజున కూడా ఆయన కూర్చోగా నేను చూడలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని, బస్సు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి, మా వైపు తిరిగి నిలబడేవారు. బస్సు ముందుకు పోతుంటే కళ్లు వెనక్కి ఉండడం కండక్టరుకు అలవాటని మేము అనుకునేవాళ్లం.

ఆయనకు తన సంస్థ అంటే కొంచెం గర్వం కూడా ఉండేది. నిజాం కాలంలో, 1932లో, రైల్వే శాఖ కింద 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా 1958లో ఆర్టీసీ అయిందని, ఆ లెక్క మాకు ఎక్కాల్లాగా వచ్చేదాకా చెప్పారు. బస్సు నంబరు పలక మీద ఉండే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని డిపోలో చెప్పుకునే కథ కూడా ఆయన ద్వారానే విన్నాము. అది నిజమో కాదో గాని, జెడ్ లేని బస్సు కనబడితే అది మన బస్సు కాదని మేము మొహం తిప్పుకునేవాళ్లం.

ఏ వారం ఎక్కడికి వెళ్లాలనేది మా ఇష్టం మీద కాని, ఆయన ఇష్టం మీద కాని ఆధారపడేది కాదు. ఆయనకు ఆదివారం ఆఫ్ దొరకడం గగనం. సోమవారం ఆఫ్ పడితే ఆ రోజు జూపార్కు మూసి ఉంటుంది. శుక్రవారం పడితే సాలార్‌జంగ్ మ్యూజియం మూసి ఉంటుంది. మిగిలిన రోజుల్లో పడితే మాకు పండుగ. డిపోలో కొత్త చార్టు వేసిన రోజున ఆయన ఇంటికి రాగానే చెప్పులు విడవక ముందే మేము గుమిగూడి ‘ఏ వారం?’ అని అడిగేవాళ్లం. గోడకు తగిలించిన క్యాలెండర్ మీద పెద్దమ్మ పెన్సిలుతో గుర్తు పెట్టేది. సోమవారం కింద జూ లేదని, శుక్రవారం కింద మ్యూజియం లేదని ఆమెకు నోటికి వచ్చు. అక్షరాలు కూడబలుక్కుని చదివే పెద్దమ్మకు మా ఇంటి తిరుగుళ్ల పంచాంగమంతా కంఠతా ఉండేది.

బయలుదేరే రోజున తెల్లవారుజామున నాలుగింటికే వంటింట్లోంచి కిరసనాయిలు స్టవ్వు చప్పుడు వినబడేది. చింతపండు పులిహోర, చపాతీలు, ఆలుగడ్డ కూర, మామిడికాయ తొక్కు, వీటికి తోడు ఉల్లిగడ్డలు. పులిహోరను స్టీలు డబ్బాలో కుక్కి, మీద విస్తరాకు కప్పి, మూత పెట్టి, దాన్ని తుండుగుడ్డలో మూటకట్టేది. మధ్యాహ్నం మూట విప్పినప్పుడు ఆ ఆకు మెత్తబడి, దాని పసరు వాసన పులిహోరకు పట్టి ఉండేది. ఆ రుచి తరువాత నాకు ఏ పులిహోరలోనూ దొరకలేదు. బహుశా లోపం ఆకుల్లో ఉందేమో. గుమ్మం దగ్గర నిలబడి పెద్దమ్మ మమ్మల్ని లెక్కపెట్టి అప్పగించేది. పెద్దనాన్న కూడా లెక్కపెట్టి ‘ఏడుగురు, ఏడో నంబరు, సరిపోయింది’ అని తీసుకునేవారు. సాయంత్రం అదే గుమ్మంలో తిరిగి అప్పగింత. ‘తీస్కపోయినంత మందిని తీస్కరావాలె, గంతే’ అనేది ఆయన సిద్ధాంతం. ఏం చూపించాం, ఏం నేర్పించాం అన్నది ఆయనకు పెద్దగా పట్టేది కాదు.

బస్సులో మా చోటు పై అంతస్తులో అన్నింటికన్నా ముందున్న సీటు. దాని ఎదుట డ్రైవరు ఉండడు, అద్దం మాత్రమే ఉంటుంది. చెట్ల కొమ్మలు టపటపా కొట్టుకుంటుంటే తలలు వంచుకుని కేకలు వేసేవాళ్లం. ట్యాంక్‌బండ్ మీదికి రాగానే గాలి మారేది. అప్పటికి హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు లేడు, గట్టు మీద విగ్రహాలు లేవు. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు, దాని అవతల కొండలు, మధ్యలో నీళ్లు, అంతే. ఆ ఒక్క ముక్క దాటడానికి పట్టే కొద్ది నిమిషాల కోసమే ముందు సీటు మీద కొట్లాటలు జరిగేవి. డ్యూటీలో ఉన్న కండక్టర్లు పెద్దనాన్నకు స్నేహితులే. ‘పోరగాండ్లకు టికెట్టెందుకన్నా’ అని ఎంత వారించినా ఆయన ఊరుకోకుండా అందరికీ సగం టికెట్లు కొట్టించేవారు. ‘చెకింగోడు ఎక్కితే నా పోరల కోసం నీ నౌకరి పోవాల్నా’ అని జవాబు. ఆ టికెట్లను మేము సాయంత్రం దాకా పిడికిట్లో పట్టుకుని ఉండేవాళ్లం. ఇంటికి వచ్చేసరికి రంగు అరచేతికి అంటుకునేది.

అఫ్జల్‌గంజ్‌లో దిగాక మ్యూజియం దాకా నడకే. ముందుగా ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర ఆగేవాళ్లం. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరంతా ముంచెత్తినప్పుడు ఆ చెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని పెద్దనాన్న ప్రతిసారీ చెప్పేవారు, ప్రతిసారీ మేము చెట్టు మీదికి చూసి నూటయాభై మంది ఎక్కడెక్కడ కూర్చుని ఉంటారోనని పంచుకునేవాళ్లం. ‘నేనైతే ఆ పంగల కొమ్మ మీద’ అని ఒకడు, ‘అది నేను ముందే అనుకున్న’ అని ఇంకొకడు. ఆ వరద వచ్చినందువల్లనే తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారని, గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారని, మనం నల్లా తిప్పితే నీళ్లు వస్తున్నాయంటే దాని వెనక ఆ వరద ఉందని ఆయన చెబుతుంటే, ఆ చెట్టుకూ మా ఇంటి నల్లాకూ చుట్టరికం ఉన్నట్టుండేది. అక్కడి నుంచి నయాపూల్ మీదుగా నడిస్తే కింద మూసీలో పచ్చగా గడ్డి మళ్లు, వాటి మధ్యలో నల్లటి పాయ కనబడేవి. వాసనకు ముక్కులు మూసుకుని వంతెన దాటేవాళ్లం. పెద్దనాన్న మాత్రం మూసుకునేవారు కాదు. నది ముందు ముక్కు మూసుకోవడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం.

సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీ మహలులో మొదలై 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. మాకు తెలిసింది ఈ భవనమే. ముసుగు రెబెక్కా ముందు అక్కలు కదిలేవారు కాదు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి స్త్రీ ముఖం మీద ముసుగు తడిసిన మల్లు గుడ్డలా ఉంటుంది. రాతిని అంత పలచగా ఎట్లా చెక్కాడని పెద్దనాన్నను అడిగితే, ‘ఓపిక’ అని ఒక్క మాట అనేవారు. రెండు వైపులా ఇద్దరు మనుషులుండే కొయ్య బొమ్మ ఒకటి ఉంది. ముందు నుంచి చూస్తే పొగరుగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక పెట్టిన అద్దంలో చూస్తే తలవంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. ఒకే దుంగలో ఇద్దరు ఎట్లా ఇరుక్కున్నారోనని మా తమ్ముడు దాని చుట్టూ ప్రదక్షిణలు చేసేవాడు. పిల్లల విభాగంలోని సీసపు సిపాయిల దగ్గర మరికొంత సేపు గడిచేది.

అయితే ఏది చూస్తున్నా మనసు గడియారం మీదే ఉండేది. లోపలి ముంగిట్లో పెద్ద గడియారం, దాని ఎదుట గుంపులుగా జనం. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ వారి గడియారమది. అందులో ఒక మూల కమ్మరివాడి బొమ్మ సెకనుకొకసారి సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి ఒకడు బయటకు వచ్చి నిలబడతాడు. సమయం కాగానే ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి అన్ని వేళలకన్నా అప్పుడే ఎక్కువ మంది చేరేవారు. మేము కూడా పదకొండున్నర నుంచే చోటు పట్టుకునేవాళ్లం. ఆ మూడు నిమిషాల్లో అంతమంది జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేవారు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, అన్ని మాటలూ ఆగిపోయి కమ్మరి సుత్తి చప్పుడు మాత్రమే మిగిలేది. మొదటి దెబ్బ పడగానే పిల్లలంతా గొంతెత్తి లెక్కపెట్టేవారు. పెద్దనాన్న మా తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకుని, ఎప్పటిలాగే గడియారానికి వీపు పెట్టి, మా ఆరుగురి వైపు తిరిగి నిలబడేవారు. ఆ గడ్డం మనిషిని ఆయన ఒక్కసారైనా సరిగా చూశారో లేదో నాకు అనుమానమే. పన్నెండో దెబ్బ పడేసరికి ఆయన లెక్క కూడా పూర్తయ్యేది, ఆయనది ఏడు దగ్గరే ఆగేది.

ఆ రాత్రి ఇంట్లో అసలు ప్రదర్శన జరిగేది. గోడ బీరువాలో పై అర ఖాళీ చేయించి, మా తమ్ముణ్ణి, అంటే అందరం చిన్నోడని పిలిచే వాణ్ణి, అందులో కూర్చోబెట్టి తలుపు వేసేవాళ్లం. వాడి గడ్డానికి దూది అంటించి ఉండేది. మేనత్త కొడుకు కమ్మరివాడై గడప దగ్గర కూర్చుని పప్పుగుత్తితో నేల మీద టక్కుటక్కున కొట్టేవాడు. పెద్దమ్మ, మంచంలో ఉన్న మా నాయనమ్మ, ప్రేక్షకులు. మూడు నిమిషాలు ఆగే ఓపిక మాకు ఉండేది కాదు గనుక మూడు అని అరవగానే చిన్నోడు బీరువా తలుపు తోసుకుని బయటకు వంగి, అప్పడాల కర్రతో ఇత్తడి తాంబాళాన్ని పన్నెండుసార్లు మోగించేవాడు. ఒకసారి పదమూడు కొట్టాడు. ‘పన్నెండు దాటినంక ఒకటి గదా కొట్టాలె’ అని పెద్దమ్మ అన్న మాటకు ఇల్లంతా నవ్వింది. వాణ్ణి కిందికి దించుతూ ‘అసలోడు గూడ ఇట్లనే ఉంటడా?’ అని ఆమె ప్రతిసారీ అడిగేది. ప్రతిసారీ మేము ‘ఇట్లనే, కాని గింతే ఉంటడు’ అని వేలు చూపించేవాళ్లం.

జూపార్కు అంటే రోజంతా పని. 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి జంతువులను మీర్ ఆలం చెరువు పక్కకు తరలించి ఈ పార్కు తెరిచారు. దాని విస్తీర్ణం 380 ఎకరాలు. అందుకే సగం దూరం నడిచేసరికి చిన్నవాళ్లు కూలబడేవారు. బొమ్మరైలు కూత వినబడగానే కాళ్ల నొప్పులు మాయమయ్యేవి. జాలి కిటికీల బండిలో సింహాల దగ్గరికి పోవడం మాకొక సాహసం. సింహాలు మాత్రం చెట్టు నీడన పడుకుని మా వైపు కన్నెత్తి చూసేవి కావు. పెద్దనాన్నకు నచ్చినది మాత్రం నిశాచర జంతువుల గది. పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వేసి, ఆ జంతువుల రాత్రింబవళ్లను తారుమారు చేసిన గది అది. ఆ చీకట్లో మెరిసే కళ్లను చూసి ఆయన ‘నైట్ అవుట్ డ్యూటీ’ అని నవ్వేవారు. పెద్ద తాబేలు దగ్గర మాత్రం అందరం ఆగేవాళ్లం. అది మేము తినే చపాతీ వాసనకు మెడ సాచినట్టు అనిపించేది. 2024లో ఆ జూలో 125 ఏళ్ల తాబేలు చనిపోయిందన్న వార్త చదివినప్పుడు, మమ్మల్ని చూసినవాళ్లలో మరొకరు పోయారనిపించింది.

పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లినప్పుడల్లా మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని చూసి, ఆ రాత్రి ఒకరి పక్కన ఒకరు దగ్గరగా పడుకునేవాళ్లం. బిర్లా మందిరంలో ఎండాకాలం మధ్యాహ్నం పాలరాయి మీద అరికాళ్లు కాలి గంతులు వేస్తూ మెట్లెక్కడమే గుర్తుంది. గుడికి పోతే గంట కొట్టవచ్చని ఆశపడిన చిన్నోడు, అక్కడ గంటలే లేవని తెలిసి చాలా చిన్నబుచ్చుకున్నాడు. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినబడుతుందంటారు. మా పెద్దనాన్న చప్పట్లు కొట్టేవారు కాదు. మమ్మల్ని పెద్దక్కతో పైకి పంపి, తాను కింద నిలబడి జేబులోంచి కండక్టరు ఈల తీసి ఊదేవారు. పైన మాకు ఆ ఈల దూరం నుంచి, ఎవరో మరిచిపోయిన ఊరి బస్సు బయలుదేరుతున్నట్టు సన్నగా వినబడేది. వెంటనే మేమందరం ఒకేసారి ‘రైట్ రైట్’ అని అరిచేవాళ్లం. కార్తికంలో డిపో వాళ్లు కుటుంబాలతో గండిపేట వెళ్లి ఉసిరిచెట్టు కింద వంటలు చేసుకునేవారు. ఒకేచోట అంతమంది కండక్టర్లు, డ్రైవర్లు చేరితే సంభాషణంతా రూట్ల గురించే సాగేది. ఆడవాళ్లు గాడిపొయ్యిల దగ్గర నిలబడి ఉండేవారు. అక్కడా పెద్దమ్మ చెరువు వైపు తిరిగి కూర్చున్న గుర్తు నాకు లేదు.

నుమాయిష్ సంగతి వేరు. అది ఎండాకాలం సెలవుల్లో వచ్చేది కాదు. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా, బడి ఉన్న రోజుల్లో, చలి సాయంత్రాల్లో వచ్చేది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఆ సంతలోకి అడుగు పెట్టగానే నూనెలో కాగుతున్న మిర్చి బజ్జీల వాసన, పీచుమిఠాయి తీపి, కాశ్మీరు శాలువల దుకాణాల్లోని ఉన్ని వాసన, దుమ్ము ఒక్కసారిగా మీద పడేవి. మౌత్ కా కువాలో చెక్కబావి గోడల మీద మోటారుసైకిలు తిరుగుతుంటే పలకలు గడగడలాడేవి. జెయింట్ వీల్ నుంచి ఆడపిల్లల కేకలు దిగి వచ్చేవి. వీటన్నింటి మీద మైకులో ఆగకుండా తప్పిపోయిన పిల్లల ప్రకటనలు సాగేవి.

ఒక సంక్రాంతి ముందు సాయంత్రం ఆ మైకులో మా చెల్లెలి గురించి చెప్పారు. దానికి అప్పుడు ఐదేళ్లు. మౌత్ కా కువా నుంచి దిగేటప్పుడు పెద్దనాన్న లెక్కపెట్టారు, ఏడుగురూ ఉన్నారు. అయితే ఆ ఏడుగురిలో ఒకరు పక్కనెవరిదో పిల్ల. ఆకుపచ్చ స్వెట్టరు చూసి మా చెల్లెలనే అనుకున్నారు. ఆ పిల్ల తల్లి వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయినప్పుడు ఆయన ముఖం చూశాను. ఎన్నో వేల మందిని ఎక్కించి దించిన మనిషి, ఒక్కసారి లెక్క తప్పినందుకు, ఆ జనసముద్రంలో ఏ దిక్కుకు కదలాలో తోచక నిలబడిపోయారు. అంతలో మైకు మోగింది. ‘ఆకుపచ్చ స్వెట్టరు వేసుకున్న పాప మా దగ్గర ఉంది, పెద్దనాన్న పేరు రైట్ రైట్ అని చెబుతోంది, ఆర్టీసీ కండక్టరు గారెవరైనా ఉంటే రావలసింది’ అని తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పారు.

మేము అక్కడికి పరిగెత్తుకుని పోయేసరికి మాకంటే ముందే ముగ్గురు కండక్టర్లు వచ్చి నిలబడి ఉన్నారు, ఒకరు సగం తిన్న మొక్కజొన్న పొత్తుతో సహా. ముగ్గురూ తమ తమ పిల్లలను వెనక్కి తిరిగి చూసుకుంటున్నారు. చెల్లెలు బల్ల మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన బిస్కెట్టు తింటూ, ఇల్లెక్కడంటే ‘లాస్ట్ స్టాప్’ అని చెబుతోంది. పెద్దనాన్న దాన్ని ఎత్తుకున్నారు. మాతో ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లాక గుమ్మంలో పెద్దమ్మ లెక్కపెట్టి లోపలికి తీసుకుంది. ఆయన మాత్రం లోపలికి రాలేదు. చెప్పులు విడిచి, అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. తమ్ముడి బిడ్డను పోగొట్టుకుని వచ్చి ఉంటే తమ్ముడి ముందు ఎట్లా నిలబడేవారో ఆలోచించుకుంటున్నారని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. పెద్దమ్మ ఒక గ్లాసు చాయ్ తెచ్చి పక్కన పెట్టి, ‘ఏడుగురే ఉన్నరు, లేచి లోపలికి రా’ అన్నది. ఆ తరువాత నుమాయిష్‌కు పోయిన ప్రతిసారీ మా ఏడుగురి చేతులకు ఏడు రంగుల ఉన్ని దారాలు ఉండేవి, అవి పెద్దమ్మ కట్టినవే.

మేము పెద్దవాళ్లమయ్యాక ఆ తిరుగుళ్లు తగ్గిపోయాయి. 1990లో బుద్ధ విగ్రహం పడవ మీంచి జారి సాగర్‌లో మునిగినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. పెద్దనాన్న బస్సు రోజూ అదే గట్టు మీద నడుస్తుండేది. ట్యాంక్‌బండ్ రాగానే బస్సంతా ఒక పక్కకు ఒరిగి నీళ్లలోకి చూసేవారని, ‘లేచిండా?’ అని తనను అడిగేవారని చెప్పేవారు. 1992 డిసెంబరులో ఆ విగ్రహం నిలబడింది. ఆ తరువాత కొన్నాళ్లకు ఆయన రిటైరయ్యారు. కొత్త శతాబ్దం మొదట్లో డబుల్ డెక్కర్లు కూడా పోయాయి. 2023లో కరెంటుతో నడిచే డబుల్ డెక్కర్లు ట్యాంక్‌బండ్ మీదికి వచ్చాయని తెలిసి ఆయనను తీసుకుపోదామనుకున్నాము. ‘కండక్టరుంటడా?’ అని అడిగారు గాని, అప్పటికే మెట్లు ఎక్కే స్థితిలో లేరు.

రేకు పెట్టె పంపకాలు పూర్తయ్యాక ఆ మధ్యాహ్నం అందరం సాలార్‌జంగ్ గడియారం గురించి మాట్లాడుకుంటుంటే ఒక సంగతి తేలింది. ఇన్ని ఏళ్లలో పెద్దమ్మ ఆ మ్యూజియంలో కాలు పెట్టనే లేదు. ఎప్పుడు బయలుదేరినా మంచంలో ఉన్న నాయనమ్మను ఎవరు చూస్తారన్న మాట వచ్చేది, ఆమె ఉండిపోయేది. నాయనమ్మ పోయాక మరొకటి వచ్చి ఉంటుంది. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళికి బోనం ఎత్తుకుని నడిచిపోవడమే ఆమె తిరుగుడు. నువ్వు కూడా రా అని మాలో ఎవరూ గట్టిగా పట్టుబట్టినట్టు కూడా నాకు జ్ఞాపకం లేదు. పెద్దనాన్నది కష్టమని, ఆయన వీపు మీద బతికామని ఏడాదిగా అందరికీ చెప్పుకుంటున్న నేను, తెల్లవారుజామున నాలుగింటి స్టవ్వు చప్పుడును పులిహోర వాసనగానే గుర్తు పెట్టుకున్నాను.

ఈ శుక్రవారం తీసుకుపోదాం, నాకు సెలవు ఉందని తమ్ముడు అన్నాడు. పెద్దమ్మ కందిపప్పు ఏరుతూ తలెత్తకుండానే ‘శుక్రారం బంద్ ఉంటది’ అన్నది.

ఆదివారం వెళ్లాము. ఏడుగురిలో ఊళ్లో ఉన్న ఐదుగురం, మా పిల్లలు కొందరు. వద్దన్నా వినకుండా ఆమె పులిహోర చేసింది. లోపలికి తినుబండారాలు తేకూడదని చెబితే డబ్బాను కారులోనే ఉంచి, తాళం వేసిందీ లేనిదీ రెండుసార్లు చూసుకుంది. రెబెక్కా దగ్గర ఆగి, ‘ఈమెకు ఊపిరెట్ల ఆడుతది’ అని ముందుకు నడిచింది. గడియారం ముంగిట్లో పదకొండున్నరకే చోటు పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాము. జనం చేరారు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. మూడు నిమిషాలు ఉందనగా తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బయటకు వచ్చాడు. పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుని, కొంగు మోకాళ్ల మీదికి లాక్కుని, మెడ ముందుకు చాచింది. మొదటి దెబ్బ పడింది. చుట్టూ పిల్లలు గట్టిగా లెక్కపెడుతున్నారు. ఆమె పెదవులు కదలలేదు గాని, బొటనవేలు వేళ్ల కణుపుల మీద ఒక్కొక్కటే జరుగుతూ వచ్చి, సరిగ్గా పన్నెండో కణుపు మీద ఆగింది.

గడ్డం మనిషి లోపలికి పోయాడు, జనం లేచారు. పెద్దమ్మ మాత్రం ఇంకా అటే చూస్తూ ఉంది. నచ్చిందా అని అడిగాను. ఆమె వెనక్కి తిరిగి, బట్టతల మీద చెమట తుడుచుకుంటున్న మా తమ్ముడి వైపు చూసింది.

‘మా చిన్నోడే ఇంతకంటె మంచిగ కొడుతుండె’ అన్నది.